దొర కోరిన లెక్క

తెలుగు సారస్వతమునందు కరణమునకు దక్కినంతటి అపకీర్తి మఱియొక వృత్తివానికి దక్కలేదనుట అతిశయోక్తి కాదు. సుమతిశతకకారుడు కరణములను గూర్చి ఒక్క పద్యముతో తృప్తిపడక పలు పద్యములు చెప్పెను. కథలలోను హాస్యములలోను కరణమనగా చెవిసందున కలము, మనసున కల్మషము గలవాడే. ఒకని పొలము మఱియొకని పేర నెక్కినచో అది కరణపు మాయ. తడి యెఱుగని చేనికి మాగాణి శిస్తు పడినచో అదియును కరణపు మాయయే. ఈ నిందలో నిజము లేదని వాదించుట నా యుద్దేశము కాదు. కాని కంపెనీ పాలన మొదలుకొని మన కాలము దాక వచ్చిన చట్టములను, నివేదికలను వరుసగా పరిశీలించినవానికి వేఱొక ప్రశ్న తోపక మానదు: కరణము వ్రాసిన అబద్ధములలో తన స్వార్థమునకై వ్రాసికొన్నవెన్ని, తన నోటికూడు ఎవని చేతిలో నున్నదో వాడు వ్రాయుమనగా వ్రాసినవెన్ని? నింద మాత్రము గంటము పట్టినవానికే మిగిలినది. వ్రాయించినవాడు శతకములకు చిక్కలేదు.

కరణపు వృత్తి మిక్కిలి ప్రాచీనమైనది. గ్రామమున రెడ్డియో మునసబో పెత్తనము వహింపగా, కరణము భూమి వివరమును, పంట వివరమును, శిస్తు వివరమును వ్రాసి భద్రపఱచుచుండెను. తలారి, వెట్టివాడు మున్నగువారు వీరి చెప్పుచేతలలో నుండిరి. శాశ్వతముగా నిలువవలసిన వ్రాతకు తాటాకును గంటమును, నిత్యవ్యవహారమునకు కడితమును బలపమును సాధనములు. కడితమనగా మసి పూసి గట్టిపఱచిన గుడ్డతో కూర్చిన మడతల పుస్తకము. దానిపై వ్రాసినదానిని తుడిచి మరల వ్రాయవచ్చును. తాటాకుపై గీచిన గీత తుడుపునకు లొంగదు గాని, ఆకులన్నియు ఒక త్రాటిపై గ్రుచ్చినవే కావున, ఒక యాకును లాగివైచి దాని స్థానమున వేఱొక యాకును చేర్చుటకు అడ్డేమియు లేదు. తరతరముల గ్రామవృత్తాంతము నెక్కించిన కట్టలను దండకవిలెలనిరి. కర్నల్ కాలిన్ మెకంజీ, ఏలూరికి చెందిన కావలి సోదరులు బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వాముల సాహాయ్యముతో ఊరూరి కైఫీయతులను సంపాదింపబూనినప్పుడు వారికి ప్రధానాధారము లీ కవిలెలే. ఐనను వానిని విప్పి చూపుటకు కరణములు పలుచోట్ల వెనుదీసిరి. ప్రభుత్వపు మనిషి వచ్చి పాతలెక్క చూపుమనినచో దాని వెంబడి క్రొత్త శిస్తు వచ్చునని వారి యనుభవము. దొరగారికి చరిత్రయందు మాత్రమే ఆసక్తి యనిన మాటను నమ్ముటకు వారికి పూర్వదృష్టాంత మొక్కటియు లేదు.

కరణమునకు నెలజీతము లేదు. పదవి నాశ్రయించిన మాన్యమును, కళ్లమున కుప్ప నూర్చినప్పుడు ప్రతి రైతు కొలిచి యిచ్చు మేరయును ఆతని జీవనాధారములు. కావున ఆతని యజమాని యెవడను ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానము చెప్ప వీలులేదు. మేర కొలుచువాడు రైతు. మాన్యమును నిలుపుటకో చెఱచుటకో శక్తి గలవాడు జమీందారు. లెక్క యడుగువాడు సర్కారు. ముగ్గురికిని మూడు లెక్కలు కావలెను. రైతునకు పంట తక్కువయని చెప్పు లెక్క కావలెను. అదే పంట యెక్కువయని రైతుతో చెప్పుటకు జమీందారున కొక లెక్కయు, తక్కువయని సర్కారుతో చెప్పుటకు మఱియొక లెక్కయు కావలెను. సర్కారునకు నిజము కావలెను గాని, అది హెచ్చు రాబడిని చూపు నిజమై యుండవలెను.

ఉత్తర సర్కారులు కంపెనీ వశమైన పిమ్మట ఈ చిక్కు బయల్పడెను. జమీందారుల కెంత రాబడి గలదో తెలియనిదే వారినుండి ఎంత పేష్కషు గొనవలయునో తెలియదు. ఆ రాబడి తెలియవలెనన్న గ్రామపు లెక్కలు తప్ప గతి లేదు. 1775లో కంపెనీ డైరెక్టర్లు దానిని విచారించుటకై సర్క్యూట్ కమిటీని నియమింప నాజ్ఞాపించిరి. 1778లో గవర్నరుగా వచ్చిన సర్ థామస్ రంబోల్డు దానిని నిలిపివైచి, జమీందారులనే మద్రాసునకు రావించి బేరమాడెను. ఆ బేరములలో లంచములు చేతులు మారెనను అభియోగములు ఆతనిని పార్లమెంటు దాక వెంటాడెను. 1783లో కమిటీ పునరుద్ధరింపబడి 1788 వఱకు పనిచేసెను గాని, జమీందారు కోటగోడల నీడలో కాపురముండు కరణము ఆ జమీందారు దాచదలచిన రాబడిని పరదేశపు దొరకు విప్పి చెప్పుననుకొనుట ఆశ మాత్రమే.

శాశ్వత పరిష్కారమును ప్రవేశపెట్టిన 1802లోనే కరణములను గూర్చి ప్రత్యేకముగా ఒక శాసనము పుట్టినది. ఆ సంవత్సరపు 29వ రెగ్యులేషనది. న్యాయస్థానములకు వచ్చు దావాలను తీర్చుటకు నమ్మదగిన గ్రామలెక్కలుండవలెననుట దాని యాశయములలో నొకటి. కరణపు పదవి ఖాళీయైనచో వారసులలో తగినవానిని నియమించు భారమును జమీందారునకే యొప్పగించుచు, ఒకసారి నియమితుడైనవానిని న్యాయస్థానపు తీర్పు లేక తొలగించు అధికారమును మాత్ర మా జమీందారునకు లేకుండ జేసినది. కంపెనీవారి శాసనములలో వివేకమున దీనికి సాటి వచ్చునవి కొలదియే యని నా యభిప్రాయము. అబద్ధము చెప్పవలదని భృత్యునకు నీతి బోధించు శాసనములు లోకమున కోకొల్లలు. అబద్ధము చెప్పుమని యడుగు యజమాని చేతినుండి కొరడా లాగికొను శాసనములు మాత్రము అరుదు. ఈ రెగ్యులేషను వ్రాసినవారికి కరణముల యందు ప్రత్యేక గౌరవ మున్నట్లు తోపదు. వారు మనుష్యస్వభావమును లెక్కించిరి, అంతే. కూడు పెట్టు చేయియు, ఊడబెఱుకు చేయియు ఒక్కటే యైనచో గంటము ఆ చేయి చూపిన వైపునకే నడచునని గ్రహించిరి.

ఐతే ఆచరణమున ఆ వివేకము సగము దారిలోనే ఆగిపోయెను. తొలగింపకయే పస్తు పెట్టు మార్గములు జమీందారులకు వేయి గలవు. మాన్యము సరిహద్దు వివాదమున పడవచ్చును. మేర కొలువవలదని రైతులకు సంజ్ఞ యందవచ్చును. చెఱువు నీరు కరణపు మడికి కడపటి వంతుగా రావచ్చును. న్యాయస్థానము జిల్లా కేంద్రమున నుండెను, జమీందారు ఊరిలో నుండెను. ఇంతకును ఆ కరణమునకు ఆ పదవి కట్టబెట్టినవాడును ఆ జమీందారే గదా. రెగ్యులేషను రక్షణ నిచ్చినది గాని, రక్షణ కోరుకొని నిజము వ్రాసిన కరణ మేమి తినవలెనో చెప్పలేదు.

కరణపు మాట వచ్చినప్పుడు ఆతనికి పట్టణమున నున్న జ్ఞాతిని గూర్చి ఒకమాట చెప్పక తీరదు. మద్రాసున ఇంగ్లీషు దొరల యొద్ద ద్విభాషీలుగా నున్నవారు దొర భాషకే గాక దొర రహస్యములకును వారధులు. అవధానము పాపయ్య యనునాతడు గవర్నరు జాన్ హాలండు, ఆతని సోదరుడు ఎడ్వర్డు జాన్ హాలండు అను వారి ద్విభాషి. తన దొరలకు గిట్టని డేవిడ్ హాలిబర్టన్ అను కంపెనీ యుద్యోగిపై తప్పుడు అభియోగము కల్పించు కుట్ర చేసెనని ఆతనిని, ఆతని సహచరులను 1792లో మద్రాసు సెషన్సున విచారించి, నేరము స్థాపితమైనదని నిర్ణయించిరి. ఆ విచారణ వృత్తాంతము మరుసటి యేట లండనున అచ్చయ్యెను. సర్ వాల్టర్ స్కాట్ 1827 నాటి తన నవల యొకదానిలో పాపయ్యను పాత్రగా గూడ తెచ్చెను. దొరలిద్దరును విచారణ నాటికే మద్రాసు విడిచి పోయియుండిరి. ద్విభాషి బోనెక్కెను, నవల కెక్కెను. చూళై ప్రాంతమున ఒక వీథికి ఆతని పేరు నేటికిని గలదు.

జమీందారులు లేని చోట నైనను నిజము సుఖముగా బ్రదికెనా యన్నచో అదియును లేదు. దత్తమండలములను 1800 మొదలు 1807 వఱకు పాలించిన థామస్ మన్రో రైతువారీ పద్ధతిని పెంపొందించి, 1820లో గవర్నరైన పిమ్మట దానిని వ్యాపింపజేసెను. ఏటేట జమాబందీ జరుగును. కరణము ప్రతి పొలమునకు సాగు, బంజరు, సావి యను వివరములు వ్రాయును. తహశీల్దారు వానిని సరిచూచును. హుజూరు కచ్చేరిలో శిరస్తాదారు మరల సరిచూచును. కలెక్టరు సంతకము చేయును. పండిన చేనిని సావి యని వ్రాసినచో శిస్తు తగ్గును. తగ్గినదానిలో రైతునకు కొంత, కరణమునకు కొంత, పైవారి కెంతో. మన్రో స్వయముగా దేశీయోద్యోగుల స్వల్పజీతములే ఇట్టి దోషములకు మూలమని పలుమారు వాదించెను. గుంటూరు జిల్లా వ్యవహారములను విచారించి సర్ వాల్టర్ ఇలియట్ 1846లో సమర్పించిన నివేదిక చూచినచో, పల్లెనుండి హుజూరు దాక ఒకరి లెక్క నొకరు కప్పిపుచ్చుకొను పద్ధతి ఎంత లోతుగ నాటుకొన్నదో తెలియును. ఈ గొలుసులో కరణము కట్టకడపటి కడియము. పైకడియము లాగినచో కదలక నిలుచుట ఆతని తరమా?

దీనికి తోడు 1816 నాటి రెగ్యులేషనులు మఱియొక ముడి వేసెను. మేజిస్ట్రేటు అధికారమును జిల్లా జడ్జినుండి కలెక్టరునకు మార్చి, పోలీసు అధికారమును ఆతని క్రింది తహశీల్దారునకును గ్రామాధికారికిని ఇచ్చెను. శిస్తు వసూలు చేయువాడే నేరమును విచారించువాడైనాడు. శిస్తు వసూలులోనే నేరము జరిగినచో విచారించు వాడెవడు?

ఈ ప్రశ్నను లోకమునకు వినిపించినవారిలో అగ్రగణ్యుడు మన తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి. మద్రాసున క్రెసెంట్ పత్రికను నడపి, 1852లో మద్రాసు స్వదేశీ సంఘమును స్థాపించిన ఈ మహనీయుడు, ఆ సంఘము పక్షమున పార్లమెంటునకు మహజరు పంపెను. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూరు 1853లో చెన్నపట్టణము వచ్చినప్పుడు ఆతనిని జిల్లాలలో త్రిప్పి, శిస్తు కొఱకు రైతులను పెట్టు బాధలను కన్నులార చూపెను. 1854లో కామన్సు సభలో చర్చ జరిగెను. ఆ యేడే మద్రాసు ప్రభుత్వము విచారణ సంఘమును నియమించెను. సభ్యులు ముగ్గురు: ఇలియట్, స్టోక్స్, న్యాయవాది జాన్ బ్రూస్ నార్టన్. ఈ ఇలియట్ గుంటూరు నివేదిక వ్రాసిన వాల్టర్ ఇలియట్ కాడు; ఎడ్వర్డు ఫ్రాన్సిస్ ఇలియట్.

1855 ఏప్రిలులో వెలువడిన వారి నివేదిక మన దేశచరిత్రలో చదువవలసిన గ్రంథములలో నొకటి. చదువుటకు గుండె దిటవు కావలెను. మొత్తము 1,959 ఫిర్యాదులు చేరెను. 519 మంది స్వయముగా వచ్చి చెప్పుకొనిరి, తక్కిన 1,440 ఉత్తరముల మూలమున వచ్చినవి. శిస్తు బాకీదారుని ఎండలో నిలువబెట్టుట, తిండికిని కాలకృత్యములకును పోనీయకుండుట, పశువులను మేతకు వదలక ఇంట బంధించుట, బంట్రోతును ఇంటిపై కూర్చుండబెట్టి వాని దినబత్తెమును బాకీదారునిచేతనే యిప్పించుట, వ్రేళ్లను చీరటలో బిగించుట, మెడను మోకాళ్లకు వంచి పగ్గముతో కట్టివేయుట, మోకాళ్ల వెనుక ఇటుకముక్కలు పెట్టి గొంతుకూర్చుండబెట్టుట, ఇద్దరు బాకీదారుల జుట్టులను కలిపి ముడివేయుట, గాడిద తోకకో దున్న తోకకో జుట్టు కట్టుట, ఎముకల దండ మెడలో వేయుట — ఇవి యన్నియు నివేదికలో జాబితాగా నున్నవి. జాబితాగా వ్రాయదగినంత సామాన్యములైనవన్న మాట.

ఇంత జరుగుచుండగా కలెక్టరులకు తెలియలేదా? సంఘమువారు జిల్లా యధికారులను, మతబోధకులను, వర్తకులను లేఖల ద్వారా అడిగిరి. తాము చూడలేదని కొందఱు, విన్నామని కొందఱు, ఉన్నదని యెల్లరకు తెలిసినదే యని కొందఱు వ్రాసిరి. తమ కచ్చేరికి మైలు దూరమున జరుగుచున్నదానిని చూడనివారి వాక్యములు చదువునప్పుడు నాకు కలుగు అనుమానమొక్కటే. అబద్ధము చెప్పుమని ఆజ్ఞాపించు యజమాని కన్న, నిజము తనదాక రానీయవలదని చూపుతో తెలుపు యజమాని నేర్పరి. కిస్తు గడువునకు సొమ్ము పూర్తిగా రావలెనని కలెక్టరు ఉత్తరువు పంపును. ఎట్లు వచ్చెనని మాత్ర మడుగడు. తహశీల్దారు రప్పించును, ఎట్లు రప్పించెనో చెప్పడు. రైతు ఎవడైన సాహసించి దొరకు అర్జీ పెట్టుకొన్నచో, ఆ అర్జీ విచారణార్థము మరల ఆ తహశీల్దారునకే వచ్చును. అప్పుడు కరణమును పిలిపింతురు. వీని నెవడును కట్టలేదనియు, శిస్తు స్వేచ్ఛగా చెల్లించెననియు, పాత పగచేత ఫిర్యాదు చేసెననియు వ్రాయుటకు ఊరిలో వ్రాత వచ్చినవాడు కరణము గదా! ఆతడు కట్టివేయుట చూచియుండును. కొన్నిచోట్ల ప్రక్కన కూర్చుండి బాకీ చదివియు నుండును.

సంఘము బాధ లుండెనని నిస్సంశయముగా తేల్చి, దోషమును దేశీయోద్యోగులపై నుంచి, ఐరోపీయాధికారులు దానిని సహింపలేదని సాక్ష్యమిచ్చెను. రెవెన్యూ నుండి పోలీసును వేఱుపఱుపవలెనను సూచనయు చేసెను. నిర్ణయములో రెండవ భాగమును అంగీకరించుటకు నాకు మనసొప్పదు. 1857 సెప్టెంబరులో న్యూయార్కు పత్రికలో ఈ నివేదికను చర్చించిన కార్ల్ మార్క్సునకును ఒప్పలేదు. కాని సూచన ఫలించెను: 1859వ సంవత్సరపు 24వ చట్టముతో మద్రాసు రాజధానిలో పోలీసుశాఖ వేఱుగా నేర్పడెను. తహశీల్దారు చేతి లాఠీ పోయెను. కరణపు చేతి గంటము మాత్రము తహశీల్దారు చెప్పుచేతలలోనే నిలిచెను. తరువాతి దశాబ్దములలో మాన్యములు, మేరలు పోయి నెలజీతము వచ్చుటతో ఆ కట్టు మఱింత బిగిసెను. 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము కరణమునకు జుల్మానా విధించు అధికారమును, సస్పెండు చేయు అధికారమును, తొలగించు అధికారమును రెవెన్యూ అధికారులకే యిచ్చెను. 1802లో జమీందారునకు నిరాకరించినదానిని సర్కారు తనకు తాను నిరాకరించుకొనలేదు.

నిజాము రాజ్యమున ఈ కథ మఱింత నిష్ఠురముగా నడచినది. అచ్చట కరణమును పట్వారీ యందురు. పదవి వతను, వంశపారంపర్యము. దేశముఖుల బలము ముందు పట్వారీ స్వతంత్రుడుగా నుండుట అరుదు. పలుచోట్ల ఆ రెండును ఒకే కుటుంబపు టధికారములు, లేదా ఒకే భోజనపంక్తిలోనివి. సేద్యము చేయువాని పేరు పహాణీలో లేకుండుట, దేశముఖు పేర వందల యెకరముల పట్టా వెలయుట కలముతో జరిగిన పనులే. రెండవ ప్రపంచయుద్ధకాలమున లెవీ ధాన్యపు వసూలు వచ్చినప్పుడు పెద్దకమతముల పంట కాగితముపై ఎండిపోయెను, చిన్నరైతుల పంట కాగితముపై విరగబండెను. తెలంగాణ రైతాంగ పోరాటము చెలరేగిన పల్లెలలో జనులు దస్త్రములను మంటల పాలు చేయుటకు కారణ మిదియే. అక్షరము రాని జనము అక్షరమును చూచి పగబూనుట కన్న చదువునకు అవమానము వేఱొకటి కలదా? కాని ఆ దస్త్రములు పట్వారీవి గదా యని ఆతని యింటితో సరిపెట్టక గడీ మీదికిని నడచిన ఆ జనమునకు, వ్రాసిన వాడెవడో వ్రాయించిన వాడెవడో శతకకారుని కంటె బాగుగ తెలియును.

మిగిలినది సంగ్రహముగా చెప్పవచ్చును. 1960లో సుప్రీంకోర్టు, ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన యొక గ్రామమునసబు వ్యాజ్యెమున, 1895 చట్టములోని వంశపారంపర్యపు హక్కు రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. 1984 జనవరిలో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము ఒక్క ఆర్డినెన్సుతో కరణములను, మునసబులను, పటేల్ పట్వారీలను ఇండ్లకు పంపెను. పల్లెలలో అనేకులు సంతోషించిరి; వారి సంతోషము అకారణము కాదు. పదవులు పోయినవారు సుప్రీంకోర్టు నాశ్రయింపగా 1985లో ఆ ఆర్డినెన్సు చెల్లునని తేలెను. వారి వెనుక వచ్చినవారికి గ్రామ సహాయకులనియు, గ్రామ పరిపాలనాధికారులనియు, గ్రామ రెవెన్యూ అధికారులనియు వేర్వేఱు కాలములలో వేర్వేఱు పేర్లు కలిగెను. 2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను రద్దు చేయుచు, వారి యొద్దనున్న దస్త్రముల నన్నిటిని వెంటనే స్వాధీనము చేసికొనుమని ఆజ్ఞాపించెను. ఐదేండ్లు తిరుగక మునుపే ఊరి లెక్క చూచుటకు ఊరిలో నొక మనిషి కావలెనని తోచి, 2025లో గ్రామ పాలనాధికారులను నియమించెను. వీరును రెవెన్యూ శాఖ చేతిక్రిందివారే.